పూజ పెట్టెలోని వెండి రూపాయలు గ్రేడింగ్‌కి పంపాలా?

ప్రశ్న: నాయనమ్మ పూజ పెట్టెలోంచి నాకు 16 పాత వెండి రూపాయలు వచ్చాయి. విక్టోరియా బొమ్మతో 1862వి, ఎడ్వర్డ్‌వి, ఐదో జార్జివి, రెండు చార్మినార్ రూపాయలు కూడా ఉన్నాయి. అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. అమెరికాలో ఉన్న తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్లి అక్కడ గ్రేడింగ్ (నాణెం అసలుదేనా, ఎంత బాగుంది అని చూసి అంకె వేయడం) చేయిస్తానని, ఒక్కోటి లక్షలు పలుకుతుందని అంటున్నాడు. ఆ ఖర్చు పెట్టొచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ తమ్ముణ్ణి ఆపండి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు, ఒక్క బిళ్లే కదా అంటే కస్టమ్స్ వాళ్లు వినరు. మీ విక్టోరియాలు, ఎడ్వర్డ్‌లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఏం చేసినా ఇక్కడే చేయాలి.

ఇక అసలు సంగతి. మీరు సంతోషంగా రాసిన "తెల్లగా మెరుస్తున్నాయి" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. చేతులు మారి మారి రాణిగారి చెంప, జడ అరిగిపోయిన రూపాయి నిన్న టంకశాలలోంచి వచ్చినట్టు మెరుస్తోందంటే ఎవరో తోమారనే అర్థం. వెండి గాలికి నల్లబడుతుంది, మనమేమో వరలక్ష్మీ వ్రతానికో దీపావళికో అమ్మవారి ముందు పెట్టాలని చింతపండు, విబూది, ఈమధ్య అయితే టూత్‌పేస్ట్ కూడా పెట్టి రుద్దేస్తాం. నాయనమ్మ భక్తికి వంక పెట్టలేం గానీ, నాణేలు సేకరించేవాళ్ల దృష్టిలో అది దెబ్బ తిన్న బిళ్ల. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు అలాంటిదానికి 70 పాయింట్ల స్కేలు మీద మామూలు అంకె ఇవ్వకుండా, క్లీన్ చేశారని రాసి "డీటెయిల్స్" అనే ముద్రతో వెనక్కి పంపుతాయి. ఫీజు మాత్రం వెనక్కి రాదు.

కాబట్టి పంపే ముందు ఇంట్లోనే చూసుకోండి. ట్యూబ్‌లైటు పనికిరాదు, ఒకే బల్బున్న టేబుల్ ల్యాంపు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. కింద మెత్తటి టవల్ పరిచి, బిళ్లను అంచులతోనే పట్టుకుని వెలుగులో నెమ్మదిగా అటూఇటూ వంచండి. వాడకంలోకి వెళ్లని, ఎవరూ ముట్టని నాణెం మీద వెలుగు చక్రం ఆకుల్లా బిళ్ల చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే అచ్చు గుద్దినప్పుడు లోహం పారిన సన్నటి చారలు ఇంకా అలాగే ఉంటాయి. యాసిడ్ లాంటి ద్రావకంలో ముంచి తీసినదాంట్లో ఆ చారలు కరిగిపోతాయి, తెల్లగా ఉంటుంది గానీ వెలుగు కదలదు. గుడ్డతో రుద్దినదైతే వెంట్రుకల్లాంటి గీతలు గుంపుగా ఒకే వైపుకి కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. టంకశాలలో అచ్చును సాన పట్టినప్పుడు పడిన గీతలు కూడా నాణెం మీదికి వస్తాయి, వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు, అవి పైకి ఉబ్బి ఉంటాయి, ఖాళీ జాగాలోనే ఉండి బొమ్మ అంచు దగ్గర ఆగిపోతాయి. రుద్దిన గీత లోపలికి దిగి ఉంటుంది, బొమ్మ మీదుగా, అక్షరాల మీదుగా దాటుకుంటూ పోతుంది. అక్షరాల సందుల్లో నల్లటి మురికి ఉండి చుట్టూ అద్దంలా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. తోమాక మళ్లీ నల్లబడినవీ ఉంటాయి, రంగు కింద గీతలు దొరికిపోతాయి. మన ఇళ్లలో ఇంకొకటి చూడాలి: మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసిన మచ్చ, సాధారణంగా కిరీటం పైన అంచు దగ్గర ఉంటుంది.

లెక్కకొద్దాం. మీ బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే సుమారు 10.7 గ్రాములు. 1940లకి ముందటి చార్మినార్ రూపాయిలో అది 9 గ్రాముల పైచిలుకు. అమ్మే రోజు వెండి ధరతో గుణిస్తే వచ్చేదే మీకు కనీస ధర, తోమిన మామూలు బిళ్ల దాని కంటే పెద్దగా ఎక్కువ పలకదు, గ్రేడింగ్ ఫీజు, కొరియర్ కలిస్తే నష్టమే. 1862 అని ఉంటే అరుదు అనుకోకండి, 1874 దాకా రూపాయల మీద అదే సంవత్సరం వేశారు. 1911 జార్జి రూపాయి ఉంటే మాత్రం పక్కన పెట్టండి, రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవై చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు. 1939 రూపాయి ఇంకా అరుదు, దానికి నకిలీలూ ఎక్కువే, కాబట్టి తోమినదైనా నిజమైనదని తేల్చుకోవడానికి గ్రేడింగ్ ఖర్చు దండగ కాదు. గ్రేడ్ లేని నాణేలను కూడా ముంబయి, బెంగళూరు వేలం సంస్థలు తీసుకుంటాయి, ముందు ఫొటోలు పంపి అడగండి. లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అనే వీడియోల జోలికి వెళ్లొద్దు, ఆర్‌బీఐ 2021లోనే హెచ్చరించింది.

ఇకమీదట వేటినీ తోమొద్దు. వ్రతానికి ఇప్పటికే గీతలు పడిన రెండు చాలు, మిగతావి పీవీసీ కవర్లలో కాకుండా మైలార్ (ఒక రకం పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లలో దాచండి.

అమ్మితే పన్ను ఉంటుంది. పూజ సామానే కదా, పన్నెందుకు అంటారేమో, ధోల్‌పూర్ మహారాజా సరిగ్గా అదే వాదనతో సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1976లో ఓడిపోయారు. నాయనమ్మ దగ్గర 2001కి ముందు నుంచే ఉన్నవి గనక 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, మిగిలిన లాభం మీద 12.5 శాతం. ఆ విలువకి ఆధారంగా వాల్యుయర్ దగ్గర కాగితం రాయించుకుని, అమ్మిన బిల్లుతో కలిపి ఉంచుకోండి.