గండమ్ ‘చార్స్ కౌంటర్‌ఎటాక్’లో చార్ కోపం న్యాయమైనదే, చేసింది మాత్రం కాదు

1988లో వచ్చిన ఈ జపనీస్ యానిమేషన్ సినిమాలో రోబోల యుద్ధం తప్ప రాజకీయం ఏముంది, భూమి ప్రభుత్వం మీద తిరగబడే నియో జియోన్ నాయకుడు చార్‌ని ఇంతమంది ఎందుకు వెనకేసుకొస్తారు అని అడిగారు. నేనూ వెనకేసుకొస్తాను, కానీ సగం దాకానే.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఒక ప్రాజెక్టు ముంపులో పోయింది. నేను పెరిగింది పునరావాస కాలనీలో. ఊరు ఖాళీ చేయించేటప్పుడు ఉన్న తొందర ఆ తర్వాత నీళ్లకీ రోడ్డుకీ ఇళ్ల పట్టాలకీ లేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే చార్ తన సైనికుల ముందు స్వీట్‌వాటర్ గురించి మాట్లాడే సీన్ నన్ను పట్టేసింది. శరణార్థుల కోసం రెండు వేరు వేరు రకాల స్పేస్ కాలనీలను హడావిడిగా అతికించి కట్టిన చోటు అది. జనాన్ని అందులోకి తోసేసి, భూమినీ కాలనీలనూ ఏలే ఫెడరేషన్ ప్రభుత్వం చేతులు దులుపుకుంది. భూమి మీద కూర్చున్నవాళ్లు అంతరిక్షంలో బతికేవాళ్ల తలరాత రాయడం ఏంటన్నది చార్ తండ్రి జియోన్ డైకున్ కాలం నుంచీ ఉన్న ప్రశ్న, దానికి ఫెడరేషన్ ఎప్పుడూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

ఆ ఫెడరేషన్ ఎలాంటిదో చూడాలంటే ఆడెనౌర్ పరాయా అనే పెద్ద అధికారిని గమనించండి. ఫిఫ్త్ లూనా అనే గ్రహశకలాన్ని చార్ లాసా మీద పడేస్తున్నాడని తెలిసినా, ఈయన పదవి అడ్డం పెట్టుకుని హాంకాంగ్‌లో షటిల్ ఎక్కేస్తాడు. అక్కడే ఎదురుచూస్తున్న మిరాయ్ అనే ఆవిడ కుటుంబంలో ఆమె కొడుకు హాథవేకి ఒక్కడికే సీటు దొరుకుతుంది. తర్వాత ఈయనే లాండెనియన్ అనే కాలనీలో చార్‌తో రహస్యంగా శాంతి ఒప్పందం చేసుకుని, బంగారం తీసుకుని ఆక్సిస్ అనే భారీ గ్రహశకలాన్ని అమ్మేస్తాడు. అదే ఆక్సిస్‌ని భూమి మీదకు తోస్తారు! అంత పెద్ద ఆయుధాన్ని శత్రువు చేతిలో పెట్టింది ఏ గూఢచారో కాదు, సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి. రెండు పక్షాల మొబైల్ సూట్లనూ (మనిషి లోపల కూర్చుని నడిపే యుద్ధ రోబోలు) అనాహైమ్ అనే ఒకే కంపెనీ తయారుచేయడం కూడా ఇదే వరసలోది.

ఇంతవరకూ నేను చార్ వైపే. ఆ తర్వాత కాదు. ఆక్సిస్‌ని పడేసి భూమి మీద చలికాలం తెప్పిస్తే మనుషులంతా పైకి వస్తారు, భూమి కోలుకుంటుంది అంటాడు. కానీ కింద చచ్చేది ఎవరు? షటిల్ సీటు దొరకనివాళ్లు. పైగా స్వీట్‌వాటర్ రైల్లో జనం ఆయన్ని చూసి ఆనందంతో పాట అందుకుంటారు, వాళ్ల నమ్మకం మొత్తం ఆయన మీదే. ఆయనేమో ఫెడరేషన్ తరఫున పోరాడే పాత ప్రత్యర్థి ఆమురోతో సమానంగా పోరాడి తేల్చుకోవాలని, మనసుతో మొబైల్ సూట్‌ని నడపడానికి తోడ్పడే సైకోఫ్రేమ్ టెక్నాలజీని కావాలనే అవతలి పక్షానికి అందేలా చేస్తాడు. తను ప్రేమించిన లాలా ఆమురో చేతిలో చనిపోయినప్పటి పగ అది, జనానిది కాదు. మా ముంపు గ్రామాల పేరు చెప్పుకుని ఎదిగిన నాయకుల్ని చూశాను కాబట్టి ఇది నాకు క్షమించలేని విషయం. బాధ జనానిది, దాన్ని సొంత లెక్క తేల్చుకోవడానికి వాడుకోవడం మోసమే.

నీలాగా నేను మనుషుల మీద ఆశ వదులుకోలేదు అన్న అర్థంలో ఆమురో చార్‌తో ఒక మాట అంటాడు. చివర్లో ఆక్సిస్‌ని ఆపడానికి ఫెడరేషన్ వాళ్లతో పాటు నియో జియోన్ సైనికులూ వచ్చి తోస్తారు, ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండానే. సినిమాలో నాకు నిజమైన రాజకీయం కనబడింది అక్కడే.

పరాయా కూతురు క్వెస్ పాత్ర విషయంలో మాత్రం దర్శకుడు టోమినో తొందరపడ్డాడు అనిపిస్తుంది. ఆ పిల్లని చార్ ఆయుధంలా వాడుకున్నాడని చూపించారు కానీ ఆమె మనసులోకి వెళ్లేంత టైమ్ ఇవ్వలేదు.

నేరుగా ఈ సినిమాతో మొదలుపెట్టకండి, సగం అర్థం కాదు. 1979 నాటి మొదటి గండమ్ సిరీస్ చూసే ఓపిక లేకపోతే దాన్ని కుదించి తీసిన మూడు సినిమాలు ఉన్నాయి, అవి చూసి, కుదిరితే 1985 నాటి జీటా గండమ్ సిరీస్ కూడా చూసి దీనికి రండి. జీటాలో చార్ ఫెడరేషన్‌ని లోపలి నుంచి మార్చాలని చూసే తిరుగుబాటు వర్గంతో కలిసి పోరాడతాడు, అది తెలిస్తే ఇక్కడి చార్ మీద మీ తీర్పు నాకంటే వేరుగా ఉండొచ్చు.