పాత 303 తూటా ముక్కు వెండిలా మెరుస్తోంది, అది వెండి పూతేనా?

కందుకూరులో తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన తూటా గురించి అడిగారు. అది వెండి కాదండీ, చాలావరకు అసలు పూతే కాదు. అప్పటి 303 రైఫిల్ బుల్లెట్లలో సీసం మీద క్యూప్రోనికెల్ తొడుగు వేసేవారు. సుమారు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు నికెల్. 1980ల నాటి మన రూపాయి బిళ్ళ కూడా ఇంచుమించు ఇదే లోహం.

దీంతో చిక్కేమిటంటే, వేగం పెరిగేకొద్దీ ఈ లోహం తుపాకీ గొట్టం లోపల గడ్డలుగా అంటుకునేది. దాన్ని వదిలించడం పెద్ద తలనొప్పి. అందుకే 1921లో అమెరికావాళ్లు తమ జాతీయ షూటింగ్ పోటీల తూటాలకు తగరం పూశారు. మన అమ్మమ్మల ఇత్తడి గిన్నెలకు కళాయి వేసినట్టే అనుకోండి! గొట్టం శుభ్రంగానే ఉంది కానీ, తగరం మందు నింపే ఇత్తడి కేసు మూతికి టంకం పెట్టినట్టు అతుక్కుపోయింది. పైగా షూటర్లు పాత అలవాటుకొద్దీ గ్రీజు కూడా రాయడంతో లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగింది. దాంతో తగరం మానేసి, రాగిలో కొద్దిగా జింకు కలిపిన గిల్డింగ్ మెటల్‌కి మారారు. ఎర్రగా మెరిసే తూటాలు అవే.

ముక్కుకి అయస్కాంతం అంటుకుంటే సాధారణంగా తొడుగు ఉక్కుది, పైన కనిపించేది పూత. కానీ మీరు ఆ పరీక్షలేవీ పెట్టుకోకండి. తోమడం, వేడి చేయడం అసలే వద్దు. మందు ఉన్న తూటా లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి.