ఇంట్లో ట్యాంకు మోడల్ చక్రాలు పోస్తుంటే రెజిన్ పొంగిపోతోంది, వ్యాక్యూమ్ పంపు కొనాలా?

మీరు 1/16 స్కేలు ట్యాంకుకు ఒక చక్రం చేత్తో చేసుకున్నారు, దాని మీద సిలికోన్ రబ్బరుతో మోల్డ్, అంటే అచ్చు, తీశారు, అందులో పాలియురేథేన్ రెజిన్ పోస్తే పులిసిన ఇడ్లీ పిండిలా పైకి లేస్తోంది. పంపు కొంటే తగ్గుతుందా అని అడిగారు. ఇప్పుడే డబ్బు తీయకండి. పంపు లాగేది కలిపేటప్పుడు చేరిన గాలిని. మీ రెజిన్‌లో చేరింది తేమ అని నా అనుమానం.

నేనూ ఇదే దెబ్బ తిన్నాను. హైదరాబాద్‌లో, జూలైలో, ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరని వారంలో. పొంగిన చక్రాన్ని హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే లోపలంతా మైసూర్‌పాక్ ముక్కలా గుల్ల. ఈ రెజిన్ రెండు డబ్బాల్లో వస్తుంది, కలిపితే గట్టిపడుతుంది. అందులో ఒక డబ్బాలో ఉండే రసాయనం ఐసోసయనేట్. దానికి నీళ్ల చుక్క తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పరుపుల ఫోమ్‌ను పొంగించడానికి ఫ్యాక్టరీల్లో వాడే కిటుకు కూడా ఇదే. కావాలని చేస్తే ఫోము, తెలియక చేస్తే మన చక్రం.

మీ పోతను కూడా ఒకటి కోసి చూడండి. గుల్ల లోపలంతా సమానంగా ఉండి, ముక్క మోల్డ్ అంచు దాటి ఉబ్బిందంటే తేమే. అలా కాకుండా ప్రతి పోతలోనూ అదే మూల, అదే బోల్టు దగ్గర ఒక్క బుడగ వస్తోందంటే అక్కడ గాలి ఇరుక్కుంటోంది. ఆ రెండో రోగానికి మందు వేరు, కింద చెప్తాను.

తేమ ఎక్కడి నుంచి వస్తుందంటే, మనం అనుమానించని చోట్ల నుంచే. నేను కలపడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు, పేపర్ టీ కప్పులు వాడేవాణ్ని. చెక్కా కాగితమూ వానాకాలంలో గాలిలో తేమను పీల్చుకుని కూర్చుంటాయి. ప్లాస్టిక్ గ్లాసు, పాత స్టీలు చెంచాకు మారాక సగం బాధ పోయింది. ఆ చెంచా మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. మోల్డ్ కూడా తేమ పట్టి ఉంటుంది. పోసే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడి చేసి, టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లి, ఎక్కువైంది దులిపేయండి. పౌడర్ ఉంటే రెజిన్ సన్నటి సందుల్లోకి కూడా పాకుతుంది, ఒకే చోట గాలి ఇరుక్కునే ఆ రెండో రోగానికి మందు ఇదే. ఇక డబ్బాలు. పెద్ద డబ్బా చవకని కొని నెలల తరబడి మూత తీస్తూ పెడుతూ ఉంటే చివరి సగం పాడైనట్టే లెక్క. చిన్న ప్యాక్ కొని, తెరిచిన తేదీ మూత మీద మార్కర్‌తో రాసి, తొందరగా వాడేయడమే మేలు.

ఇప్పుడు అసలు నేను చెప్పదలచింది. మోల్డ్‌కు మొహమాటం లేదు. మాస్టర్‌లో, అంటే మోల్డ్ తీయడానికి చేత్తో చేసుకున్న అసలు ముక్కలో, ఏముంటే అది ఎన్ని పోస్తే అన్నింటిలో దించుతుంది.

నేను కట్టింది విజయంత ట్యాంకు. బ్రిటిష్ కంపెనీ వికర్స్ డిజైన్, 1965 నుంచి మన సైన్యానికి వచ్చింది, తరవాత చెన్నై దగ్గర ఆవడిలో తయారైంది. టైగర్, షెర్మన్ లాంటి రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులకు కావలసినన్ని కిట్లున్నాయి, విజయంతకు ఈ సైజులో కిట్ నాకెక్కడా దొరకలేదు. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో, ఇప్పటి అహిల్యానగర్‌లో, కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. బస్సెక్కి అక్కడికి వెళ్లి విజయంత చుట్టూ తిరిగి చూసి వచ్చాను. ఒక్కో పక్క ఆరు చక్రాల జతలు, అంటే మొత్తం 24 డిస్కులు. 24 డిస్కులు చేత్తో చేస్తే ఏ రెండూ ఒకలా రావు. అందుకే మోల్డ్.

మాస్టర్‌ను ప్లాస్టిక్ షీటు గుండ్రాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి చేశాను. ఒక చోట సందు పడితే పుట్టీ పూసి బొటనవేలితో నొక్కాను. ప్రైమర్ వేశాక కంటికేమీ కనపడలేదు. మోల్డ్ తీశాను, హుషారుగా తొమ్మిది చక్రాలు పోశాను. మోడళ్లు కట్టే స్నేహితుడు ఒకాయన వచ్చి ఒక చక్రాన్ని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని "ఇదేంటి, నీ ఆధార్ వేలిముద్ర పెట్టావా" అన్నాడు. తొమ్మిదింటికీ అదే చోట, రబ్బరు టైరుకు కాస్త లోపల, నా బొటనవేలి గీతలు. సిలికోన్ అంత సన్నటి గీతను కూడా వదలదు. అప్పటి నుంచి మాస్టర్‌కు నీళ్లతో రుద్దే గరుకు కాగితం 600 నంబరు, ఆ పైన 1000 పట్టి, ప్రైమర్ వేసి, ఒక రోజు ఆగి, పక్క నుంచి టార్చి వేసి చూశాకే సిలికోన్ డబ్బా తెరుస్తాను.

మాస్టర్ ఒక్కటే త్రీడీ ప్రింట్ చేయించుకుని మిగతావి పోసుకోవచ్చా అంటే, శుభ్రంగా పోసుకోవచ్చు. కాకపోతే సిలికోన్ రెండు రకాలు. టిన్ రకం చవక, గడుసుది, దేనిమీదైనా గట్టిపడుతుంది, కానీ కాస్త కుంచించుకుంటుంది, రెండు మూడేళ్లకు చిరగడం మొదలుపెడుతుంది. ప్లాటినం రకం కొలత తప్పదు, చాలా ఏళ్లు ఉంటుంది, కానీ మహా సున్నితం. గంధకం ఉన్న బంకమట్టి, లేటెక్స్ గ్లౌజులు, సరిగా ఆరని రెజిన్ ప్రింటు, వీటిలో ఏది తగిలినా అక్కడ గట్టిపడకుండా జిగురుగా ఉండిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను టిన్ రకమే చెప్తాను. దాని హార్డెనర్‌ను చుక్కలు లెక్కపెట్టి వేయకండి. 100 గ్రాములకు 3 గ్రాములు అని డబ్బా మీద ఉంటే 3 గ్రాములే. వంటింటి కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది, ఇక్కడ ఆ ఒక్క గ్రామే కొంప ముంచుతుంది. బంగారం తూచే లాంటి చిన్న డిజిటల్ కాటా కొనండి, పంపు డబ్బులో చిన్న వంతు కూడా కాదు.

సిలికోన్ ఎంత కలపాలో తెలియక నేను మొదట్లో చాలా పారబోశాను. ఇప్పుడు మాస్టర్ పెట్టిన పెట్టెలో బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలగ్లాసులోకి వంపుతాను. 100 మిల్లీలీటర్లు వస్తే 120 గ్రాములు కలుపుతాను. గింజ ఒక్కటి కూడా మిగలకుండా బ్రష్‌తో తుడవాలి, ఎందుకో వేలిముద్ర కథ విన్నాక చెప్పక్కర్లేదు.

ఇక బుడగలు. సిలికోన్‌లో బుడగ మాస్టర్‌ను ఆనుకుని నిలిచిపోతే పోతలో అక్కడ ముత్యమంత గుండు వస్తుంది. బోల్టు తలల పక్కన అది మరీ అసహ్యంగా ఉంటుంది. అందుకని ముందు కొంచెం సిలికోన్‌ను మెత్తటి బ్రష్‌తో బోల్టుల చుట్టూ పూయండి. మిగతాది పెట్టె మూలలోకి, మూరెడు ఎత్తు నుంచి, దారంలా సన్నటి ధారగా పోయండి. ఆ ధారలోనే చాలా బుడగలు చిట్లిపోతాయి. మిగతా పెట్టెనంతా సిలికోన్ తనే నింపుకుంటూ వెళ్తుంది. కలిపేటప్పుడు ఆమ్లెట్‌కు గుడ్లు గిలక్కొట్టినట్టు కొట్టకండి, అంచులు గీరుతూ నిదానంగా తిప్పండి. నేను ఇప్పటికీ పంపు లేకుండానే నెట్టుకొస్తున్నాను. పాత ప్రెషర్ కుక్కర్‌ను గాలి ట్యాంకుగా మార్చుకోమనే వీడియోలు కనిపిస్తాయి, వాటి జోలికి మాత్రం వెళ్లకండి. పగిలితే ముఖం మీదికే వస్తుంది.

చక్రానికి రెండు ముక్కల మోల్డ్ అనవసరం. డిస్కు వెనక వైపు జత డిస్కుకు అతుక్కుంటుంది కాబట్టి ఎవరూ చూడరు. పైన తెరిచి ఉన్న మోల్డ్ చాలు. అంచుకు కాస్త ఎత్తుగా రెజిన్ పోసి, పాత ఓహెచ్‌పీ షీటును (ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్ షీటు) ఒక పక్క నుంచి ఆనించుకుంటూ మూసేయండి. వెనక వైపు అద్దంలా చదునుగా వస్తుంది. పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నానికి ఎనిమిదో పదో లాగేయొచ్చు. విరిగినవాటి కోసం నాలుగు అదనంగా పోసి పెట్టుకోండి, విరుగుతాయి.

అన్నీ పోయాలనే ఉత్సాహం మాత్రం వద్దు. ఆ ఊపులో నేను ఫిరంగి గొట్టం కూడా రెజిన్‌తో పోశాను. విజయంతది ఎల్7 అనే ఫిరంగి, దాని నోరు 105 మిల్లీమీటర్లు, గొట్టం పొడవు దానికి 52 రెట్లు, 1/16లో దాదాపు 34 సెంటీమీటర్లు. పోత బ్రహ్మాండంగా వచ్చింది. మే నెలలో కిటికీ పక్కన అల్మారాలో పెట్టాను. నెలాఖరుకు తొండం వాల్చిన ఏనుగులా నేల చూస్తోంది. రెజిన్ ఎండకు మెత్తబడుతుంది, పొడుగ్గా సన్నగా ఉన్నవి తమ బరువుకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం గొట్టం తెచ్చి లేత్ పని చేసేవాళ్ల దగ్గర చెక్కించుకున్నాను. మధ్యలో ఉన్న ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ (పేల్చాక పొగను బయటికి లాగే భాగం) ఉబ్బు ఒక్కటే పోత.

ఫిరంగి ఉండే, గుండ్రంగా తిరిగే పైభాగం టరెట్. దాని మీద గరుకు పోత ఉపరితలం తెప్పించడానికి పుట్టీ పొడుస్తుంటారు చాలామంది. బ్రిటిష్ ట్యాంకు సెంచూరియన్‌కు అది సరే, దాని టరెట్ పోత పోసిందే. విజయంతది పలకలు కోసి వెల్డింగ్ చేసిన టరెట్. అక్కడ గరుకు పెడితే తప్పు, వెల్డు గీతలు పెట్టండి.

ట్రాక్ లింకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు ముక్కలు, ఆఖరికి ఉంచండి. అల్మారాలో పెట్టే మోడల్ అయితే రెజిన్ లింకులు నడుస్తాయి. పిన్ను రంధ్రం కోసం మోల్డ్‌లోనే మైనం రాసిన స్టీలు తీగ పెట్టి పోస్తే డ్రిల్ పని తప్పుతుంది, రెజిన్ పూర్తిగా బిగుసుకోకముందే తీగ లాగేయాలి. రిమోట్‌తో నడిపే మోడల్ అయితే మాత్రం రెజిన్ లింకులు రెండో రోజుకే పిన్ను దగ్గర పగులుతాయి, లోహపు ట్రాక్ కొనుక్కోవడం తప్పదు.

ఒక్క హెచ్చరిక. రెజిన్ ఖరీదని ఫైబర్‌గ్లాస్ షాపులో పాలియెస్టర్ రెజిన్ తెచ్చుకునేవాళ్లున్నారు. దానితో పాటు రెండు చిన్న సీసాలిస్తారు, కోబాల్ట్, హార్డెనర్. ఆ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకండి, భగ్గుమంటాయి. కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపేశాకే హార్డెనర్. పైగా అది చాలా కుంచించుకుంటుంది, చక్రాలకు నేనైతే వాడను. ఏ రెజిన్ అయినా నైట్రైల్ గ్లౌజులు, కిటికీలు బార్లా, పిల్లలు వేరే గదిలో. ఆవిరి పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి, గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. రుద్దడం నీళ్లలోనే, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

ఈ ఆదివారం అదే డబ్బాతో, ప్లాస్టిక్ గ్లాసులో కలిపి, వెచ్చ చేసిన మోల్డ్‌లో ఒక్క చక్రం పోయండి. అది కూడా పొంగితే డబ్బా పోయినట్టే, చిన్న కొత్త ప్యాక్‌తో ఇంకొకటి పోసి చూడండి. రెండింటినీ అడ్డంగా కోసి ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను.