పాత లోగిలి వంటింట్లో తిండి చరిత్రను ఎలా చూపించాలి?

కోనసీమలోని మీ తాతగారి మండువా లోగిలిని (నడుమ తెరపి వాకిలి ఉన్న పాత ఇంటిని) సందర్శకులకు తెరుస్తున్నామనీ, వంటింట్లో ఈ ప్రాంతపు తిండి చరిత్రను ఏ విధంగా చెబితే బాగుంటుందనీ అడిగారు. అటువంటి ఒక పాత ఇంట్లో సందర్శకులకు వివరించే పనిని నేను కొన్నేళ్లు చేశాను గనుక నాకు తోచినది రాస్తున్నాను.

వంటకాల పేర్లతో మొదలుపెట్టకండి. పూతరేకుల మాట ఎత్తగానే అవి ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న వస్తుంది, సంభాషణ అటు మళ్లిపోతుంది. వచ్చినవారిని ముందుగా రోలు, రోకలి దగ్గర నిలబెట్టి, ఈ ఇంటి వడ్లను ఎవరు దంచారు, వారికి కూలిగా ఏమి ముట్టింది, వారు ఈ ఇంట్లో ఏ గడప దాకా రాగలిగారు అని అడగండి. దంపుళ్లకు వచ్చిన ఆడవారికి నూకలు, తవుడు కొలిచేవారని మా ఊరి పెద్దలు చెప్పిన సంగతిని నేను గాదె పక్కనే నిలబడి చెప్పేదాన్ని. ఇంటివారి విస్తరి, పాలేరు తిన్న చద్దన్నం, గంజి పులియబెట్టే తరవాణి కుండ, మూడూ ఒకే కథలో ఉండాలి. కులం మాట వస్తే సందర్శకులు ఇబ్బంది పడతారని దాటవేయడం తగదు. ఎవరు ఏ పంక్తిలో కూర్చున్నారో, ఎవరికి ఆ పంక్తే లేదో చెప్పకుండా ఈ వంటింటి చరిత్ర చెప్పడం సాధ్యం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

తరువాత నీటి సంగతి చెప్పండి. 1852 నాటికి కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, డెల్టాలో వరి సాగు విస్తరించింది. అయితే వరద కాలంలో సముద్రం నుంచి ఏటికి ఎదురీదే పులసకు అదే ఆనకట్ట అడ్డుగా నిలిచింది. ఈ రెండు విషయాలనూ కలిపి చెప్పినప్పుడు పిల్లలు కూడా ప్రశ్నలు వేయడం చూశాను.

కాలాల విషయంలో నిక్కచ్చిగా ఉండండి. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి చేరిన మిరపకాయ లేకుండా నేటి ఆవకాయ లేదు కనుక, జాడీ చూపిస్తూ "వేల ఏళ్లనాటి రుచి" అనకూడదు. అంతకు ముందు కారానికి మిరియాలు వాడేవారని చెబితే సరిపోతుంది. పాత ఆధారాలు కావాలంటే మన దగ్గరే ఉన్నాయి: ద్రాక్షారామం శాసనాలలో అఖండ దీపాల నేతి కోసం పశువులను దానం చేసిన వివరాలు కనిపిస్తాయి. కవ్వం, పిడకల సెగ మీద పాలు కాచే దాలి గుంట చూపించేటప్పుడు ఆ సంగతి చక్కగా అతుకుతుంది.

రుచి చూపించాలనుకుంటే పాత సామాను ఉన్న గదిలో వద్దు. మెతుకు రాలిన చోటికి చీమలు, ఎలుకలు వస్తాయి, అవి తాటాకు పుస్తకాలనూ చెక్కనూ వదలవు. కళాయి (లోపలి తగరపు పూత) పోయిన ఇత్తడి గిన్నెల్లో పులుసు, మజ్జిగ వంటివి ఎన్నడూ పోయకండి. వంటకు కొత్త కుండలు కొని, పెరట్లో పొయ్యి పెట్టించండి. వండే ఆవిడకు తగిన వేతనం ఇచ్చి, ఆవిడ ఇష్టపడితే వివరించే పని కూడా ఆవిడకే అప్పగించండి.