చపాతీ పిండి కలిపే చేత్తో స్కోన్ చేయవచ్చా?

ఈ మధ్యనే స్కాట్లండ్‌లోని డండీకి వచ్చిన మీరు, మూడుసార్లు చేసిన స్కోన్లు, అంటే ఈస్ట్ లేకుండా పొంగే చిన్న మెత్తటి రొట్టెలు, మూడుసార్లూ రాళ్లలా వచ్చాయనీ, కొలతల్లో తేడా లేదనీ రాస్తూ, ఇక్కడి బటర్‌మిల్క్ బదులు మన పెరుగు వాడవచ్చా అనీ, బేకరీలో దొరికే రోల్స్ (చిన్న బ్రెడ్ బన్నులు), బటరీలు (కొవ్వు పూసి మడతలు వేసి కాల్చే ఉప్పటి రొట్టెలు) ఇంటి ఓవెన్‌లో కుదురుతాయా అనీ అడిగారు. నేను 11 ఏళ్లుగా అబర్డీన్‌లో ఉంటున్నాను. మొదటి ఏడాది నా స్కోన్లు కూడా అచ్చం మీరు వర్ణించినట్టే ఉండేవి కనుక, లోపం మీ కొలతల్లో లేదనీ, చిన్నప్పటి నుంచి చపాతీ పిండి మర్దించడానికి అలవాటుపడిన చేతిలోనే ఉందనీ అనుకుంటున్నాను.

నాకు ఆ సంగతి తెలియజెప్పింది మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ. ఒకరోజు ఆమె వంటింట్లో నిలబడి చూస్తే, గిన్నెలోని పిండిలో పాలు పోసి, వెన్న రాసుకునే మొద్దు కత్తితో నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి, ఇంకా పొడి పిండి అక్కడక్కడా కనిపిస్తుండగానే బల్ల మీదికి వంపేశారు. అది ముద్ద కూడా కాలేదే అని నేను చేయి చాపబోతే, నా మణికట్టు పట్టుకుని ఆపి, రెండు అరచేతులతో ఆ కుప్పను మెల్లగా దగ్గరకు నెట్టి, పైన ఒకసారి అద్ది వదిలేశారు. చపాతీకి పిండి ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. ఆ సాగే గుణమే స్కోన్‌కు శత్రువు. తడి తగిలిన గోధుమపిండిని పిసికేకొద్దీ అందులోని గ్లూటెన్ అనే సాగే పదార్థం బిగుసుకుని, లోపల పుట్టిన గాలిని పైకి లేవనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పిండి ముద్ద నున్నగా కనిపించిందంటే స్కోన్ చెడిందన్నమాటే.

ఇప్పుడు కొలతలు. 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండిలో (అంటే బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే గోధుమపిండి) ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, 25 గ్రాముల చక్కెర కలిపి, ఫ్రిజ్‌లోంచి తీసిన 50 గ్రాముల వెన్నను చిన్న ముక్కలుగా వేసి నలపాలి. జంతికల పిండిలో వెన్న కలపడం మీకు వచ్చే ఉంటుంది. ఇదీ దాదాపు అదే పని, కాకపోతే అరచేతి వేడికి వెన్న కరిగిపోతుంది కాబట్టి వేళ్ల కొనలతోనే పిండిని పైకెత్తి నలుపుతూ, బొంబాయి రవ్వలా అయ్యేదాకా చేయాలి. తరువాత 150 మిల్లీలీటర్ల పాలు గాని బటర్‌మిల్క్ గాని ఒకేసారి పోసి, కత్తితో కలిపి, రెండున్నర సెంటీమీటర్ల మందాన అద్ది కోయాలి. ఇక్కడ చాలామంది పలచగా ఒత్తేస్తారు. పలచగా ఒత్తినది ఎంత మంచి ఓవెన్‌లోనైనా బిస్కట్టే అవుతుంది. కోయడానికి మన స్టీలు గ్లాసు వాడవద్దని నా సలహా. దాని అంచు మడిచి ఉండటం వల్ల పిండిని కోయకుండా నొక్కేస్తుంది, నొక్కుకుపోయిన పక్క పైకి లేవక స్కోన్ ఒరిగిపోతుంది. పదునైన కటర్‌ను పొడి పిండిలో ముంచి, తిప్పకుండా నిలువుగా దించి తీయండి. కటర్ లేకపోతే ముద్దను ఒకే గుండ్రని రొట్టెలా అద్ది, కత్తితో పిజ్జా ముక్కల్లా కోసుకోవచ్చు. పైన పాలు పూసేటప్పుడు పక్కలకు కారనివ్వకుండా, 220 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో, ఫ్యాన్ ఓవెన్ అయితే 200 డిగ్రీల దగ్గర, 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

మీ పెరుగు ప్రశ్నకు వస్తే, నిస్సందేహంగా వాడవచ్చు, కాని నీళ్ల మజ్జిగగా చేసి పోయకండి. ఇక్కడ డబ్బాల్లో అమ్మే బటర్‌మిల్క్ చిక్కగా, పుల్లగా ఉంటుంది. 100 గ్రాముల పెరుగులో 50 మిల్లీలీటర్ల పాలు కలిపి చిలికితే ఇంచుమించు అదే చిక్కదనం వస్తుంది. పుల్లగా ఉండటం ఎందుకు అవసరమంటే, పాత పద్ధతిలో సోడా స్కోన్లకు బేకింగ్ పౌడర్‌కు బదులు వంట సోడా వేసేవారు, పులుపు తగలగానే ఆ సోడా నురగ కక్కి పిండిని తేలిక చేస్తుంది. పునుగుల పిండిలో సోడా వేసిన వెంటనే మూకుడు దగ్గరకు పరుగెత్తినట్టే, ఇక్కడా తడి తగిలాక ఆలస్యం చేయకూడదు. ఫోన్ మోగిందని ఒకసారి నేను పావుగంట వదిలేస్తే ఆ విడత మొత్తం చదునుగా వచ్చింది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది కనుక 225 గ్రాముల మామూలు పిండికి అర టీస్పూను మించవద్దు.

ప్రసంగవశాత్తూ ఒక మాట: ఇక్కడివారు దీన్ని 'స్కాన్' అని పలుకుతారు, పెర్త్ దగ్గర అదే అక్షరాలతో రాసే ఊరిని మాత్రం 'స్కూన్' అంటారు, ఆ ఊరికి బస్సు టికెట్ అడిగి నేను డ్రైవర్‌ను నవ్వించాను. బేకరీలో 'కుకీ' అని రాసి ఉంటే అది బిస్కట్ అనుకోకండి, స్కాట్లండ్‌లో ఆ పేరు మెత్తటి తీపి బన్నుకు కూడా ఉంది.

ఓవెన్‌తో ఇంకా స్నేహం కుదరలేదంటే ముందు టాటీ స్కోన్, అంటే బంగాళాదుంప స్కోన్, చేసి చూడండి, ఎందుకంటే దానికి కావలసిన సామాను మీ వంటింట్లో ఇప్పటికే ఉంది. పాత ఇళ్లలో ఓవెన్ అందరికీ ఉండేది కాదు; పొయ్యి మీద గొలుసుకు వేలాడదీసే, వంపు పిడి ఉన్న బరువైన ఇనుప పెనం మీదే రొట్టెలూ స్కోన్లూ కాల్చేవారు. దాన్ని 'గర్డిల్' అంటారు. ఫైఫ్ ప్రాంతంలోని కూరస్ అనే ఊరు గర్డిళ్ల తయారీకి పేరుమోసింది, 1599లో ఆరవ జేమ్స్ రాజు ఆ ఊరి కమ్మరులకు వాటి తయారీపై ప్రత్యేక హక్కు ఇచ్చాడు. మన దోసె పెనం ఆ పనికి చక్కగా సరిపోతుంది. మారిస్ పైపర్ లాంటి పొడిపొడిగా ఉడికే దుంపలు 250 గ్రాములు తీసుకుని, నీరంతా ఆరాక వేడిగా ఉండగానే మెదిపి, 25 గ్రాముల వెన్న, తగినంత ఉప్పు, సుమారు 60 గ్రాముల పిండి కలపాలి. దుంప చల్లారితే పిండి ఎక్కువ పడుతుంది, పిండి ఎక్కువైతే రుచి ఆలూ పరాటా అంచులా ఉంటుంది. అర సెంటీమీటరు మందాన పళ్లెమంత గుండ్రంగా ఒత్తి, నాలుగు భాగాలుగా కోసి, నూనె లేని పెనం మీద మధ్యస్థ మంట మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చి, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచితే ఆవిరికి మెత్తబడతాయి. మిగిలితే మర్నాడు పొద్దున వెన్నలో వేయించి గుడ్డుతో తింటారు. మా ఇంట్లో దానికి ఆవకాయ తోడైంది, ఎదురింటావిడ దాన్ని ఒక్కసారి రుచి చూసి గ్లాసు పాలు తాగారు.

రోల్స్ దగ్గరికి వచ్చేసరికి మీ చపాతీ చేయి అక్కరకు వస్తుంది. 500 గ్రాముల స్ట్రాంగ్ బ్రెడ్ పిండి (గ్లూటెన్ ఎక్కువగా ఉండేది), 7 గ్రాముల పొడి ఈస్ట్, 10 గ్రాముల ఉప్పు, ఒక టీస్పూను చక్కెర, 30 గ్రాముల వెన్న, పాలూ నీళ్లూ సగం సగంగా 320 మిల్లీలీటర్లు గోరువెచ్చగా కలిపి, పది నిమిషాలు బాగా మర్దించండి. ఇక్కడి చలికాలంలో వంటింటి బల్ల మీద అది గంటలో పొంగదు. ఇడ్లీ పిండికి చేసే ఉపాయమే, లైటు మాత్రం వేసిన ఓవెన్‌లో పెట్టడం, దీనికీ పనిచేస్తుంది. రెట్టింపయ్యాక 80 గ్రాముల ముద్దలు చేసి, పక్కపక్కన ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా పేర్చాలి, అప్పుడే పక్కలు చీల్చినట్టు మెత్తగా వస్తాయి. నేను పైన బియ్యప్పిండి చల్లుతాను. రెండోసారి పొంగనిచ్చి 220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కాల్చండి. గ్లాస్గోలో 'వెల్ ఫైర్డ్' అని అడిగి కొనే నల్లటి రోల్ కావాలంటే 240 డిగ్రీల దగ్గర, మాడిపోయిందేమో అని మీకు భయం వేసేదాకా ఆగాలి. దాని చేదు నాకు ఇప్పటికీ నచ్చదు, మా పిల్లలకు అదే ఇష్టం.

బటరీలు మాత్రం సెలవురోజు పని. మా ఊళ్లో వీటిని 'రోవీ' అంటారు. వారాల తరబడి సముద్రంలో ఉండే జాలరులకు పాడవకుండా ఉండాలని పుట్టాయని ఇక్కడ చెప్పుకుంటారు. 500 గ్రాముల పిండికి 250 గ్రాముల వెన్న, 125 గ్రాముల లార్డ్ పడతాయి. లార్డ్ అంటే పంది కొవ్వు కనుక, మీరు తినకపోతే బయట కొనేముందు అడగండి, ఇంట్లో మొత్తం వెన్నతోనే చేసుకోండి. ఈస్ట్ వేసి పొంగించిన పిండిని దీర్ఘచతురస్రంగా ఒత్తి, కొవ్వులో మూడో వంతు పూసి, మూడు మడతలు వేసి, చల్లని చోట 40 నిమిషాలు ఉంచాలి. ఇలా మూడుసార్లు చేశాక 16 ముక్కలు కోసి, వేళ్ల మెటికలతో గుంటలు పడేలా నొక్కి, మరో ముప్పావుగంట పొంగనిచ్చి 200 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. మడతలు అందంగా రాలేదని బాధపడనక్కరలేదు, రోవీ ఎప్పుడూ వంకరగానే ఉంటుంది. ఉప్పు మాత్రం తగ్గించకండి. మర్నాడు వేడి చేసేటప్పుడు టోస్టర్‌లో నిలబెడితే కొవ్వు కారి పొగ వస్తుంది, అందుకని ట్రేలో పెట్టి ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచి, బోర్లా తిప్పి, చదునుగా ఉన్న అడుగు వైపు జామ్ రాసుకోండి.