షేవింగ్ నురగలో నీళ్లు సరిపోయాయని ఎలా తెలుస్తుంది?

నురగ మెరుస్తూ, చిలికిన పెరుగులా నున్నగా, కంటికి బుడగలు కనిపించకుండా ఉంటే నీళ్లు సరిపోయినట్టే; ఇన్ని చెంచాలని కొలత చెప్పలేం, ఎందుకంటే సబ్బు, బ్రష్, నీళ్లు ఇంటికో రకం.

నురగ అంటే సబ్బు నీటి పొరల్లో చిక్కుకున్న గాలి. బ్లేడు జారేది ఆ తడి పొర మీద, గాలి మీద కాదు. పైగా వెంట్రుక మెత్తబడాలంటే నీళ్లు పీల్చుకోవాలి. నీళ్లు తక్కువైతే నురగ పేస్టులా అతుక్కుని చెంప మీదే ఆరిపోతుంది, బ్లేడు పట్టేస్తుంది, తర్వాత మంట. ఎక్కువైతే పెద్ద బుడగలొచ్చి మెడ మీదకు కారిపోతుంది.

శనగగింజంత క్రీమ్ తీసుకున్నారనుకోండి. తడి బ్రష్‌ని బాగా విదిలించి గిన్నెలో తిప్పితే ముందు చిక్కగా, మెరుపు లేకుండా వస్తుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి! బ్రష్ కొసను నీళ్లకు తాకించి నాలుగైదు చుక్కలు చేర్చి మళ్లీ తిప్పండి, మెరుపు వచ్చేదాకా ఇలాగే. వేళ్ల మధ్య రుద్దితే జర్రున జారాలి. బుడగలొస్తే కాస్త క్రీమ్ కలపండి.

బోరు నీళ్లయితే వేరే సంగతి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టులా మార్చేస్తాయి, అప్పుడు నీళ్లు పెంచి లాభం లేదు. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి.

ఇక నురగ ఎంత ఎత్తుగా, గట్టిగా నిలబడితే అంత మంచిదనుకోవడం పొరపాటు. అలా నిలబడే నురగకు చాలాసార్లు ఇంకా నీళ్లు కావాలి.