క్యాంపస్ కూలర్ నీళ్లకి ముక్కిన వాసనా? ముందు బాటిల్ మూత చూడండి

వాసన చాలావరకు కూలర్‌ది కాదు, మీ బాటిల్ మూతది. బాటిల్ రోజూ కడుగుతున్నా మధ్యాహ్నం క్లాసుకల్లా నీళ్లకి ముక్కిన వాసన వస్తోందా? అదే కూలర్ నీళ్లు శుభ్రమైన గ్లాసులో పట్టి చూడండి. అందులో వాసన లేకపోతే తప్పు బాటిల్‌దే.

అందరూ వదిలేసేది మూత లోపలి రబ్బరు రింగు.

1. చెంచా కాడతో రింగును మెల్లగా లేపి బయటికి తీయండి. కింద గాడిలో నల్లటి చారో, వేలికి జారే జిగురో ఉండొచ్చు. (నాది మొదటిసారి తీసినరోజు ఇక నీళ్లు తాగబుద్ధి కాలేదు.)
2. రింగు, మూత, స్ట్రా ఉంటే అదీ సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గాడి రుద్దండి.
3. విడివిడిగా పూర్తిగా ఆరనివ్వండి. తడి మీదే మూత బిగించి రాత్రంతా ఉంచితే మళ్లీ మొదటికే వస్తుంది.

బాటిల్ రోజూ కడగండి, రింగు వారానికోసారి తీస్తే చాలు.

గ్లాసులోనూ వాసన వస్తే, సెలవుల్లో పైపులో నిలిచిన నీళ్లు కావచ్చు. కాసేపు నీళ్లు పారనిచ్చి, తర్వాత పట్టండి. అప్పటికీ తగ్గకపోతే తాగకండి, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో మెయింటెనెన్స్ వాళ్లని అడగండి.